కూర్చున్న కొలత

పదిహేడేళ్ళు ఆవిడ ఒక ప్లాస్టిక్ డబ్బా మీద నిలబడి ఉద్యోగం చేసింది.

పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి యంత్రం ఉంటుంది. దాని బల్ల ఎవరి ఎత్తుకి తగ్గట్టు చేశారో గానీ ఆవిడ ఎత్తుకి మాత్రం కాదు. నాలుగడుగుల ఏడంగుళాల మనిషి. చేరిన మొదటిరోజే సబ్బు సీసాలొచ్చే డబ్బా ఒకటి బోర్లించి, "ఎక్కు, సరిపోతుంది" అన్నాడు సూపర్‌వైజర్. ఎక్కింది. సరిపోయింది. ఉద్యోగంలో తొమ్మిదో ఏట ఆ డబ్బా తడినేల మీద జారి కాలి చీలమండ మెలికపడితే, రిపోర్టులో కారణం దగ్గర "కార్మికురాలి అజాగ్రత్త" అని రాశారు. ఆవిడ సంతకం పెట్టి, మూడోరోజు కుంటుకుంటూ వచ్చి మళ్ళీ అదే డబ్బా ఎక్కింది. అక్కడొక గట్టి మెట్టు వేయించాలని ఎవరికీ తోచలేదు. కాసేపు కూర్చోడానికి ఒక స్టూలు కావాలని ఆవిడా అడగలేదు. అందరూ ఆవిణ్ణి "పొట్టక్కా" అని పిలుస్తారు. ప్రేమగానే పిలుస్తారు. ప్రేమగా పిలిచిన వాళ్ళలో ఒక్కరూ ఆ డబ్బా వంక చూడలేదు.

ఆ ఉద్యోగానికి కూడా ముప్పొచ్చింది. లాండ్రీని ఊరిబయట కొత్త షెడ్డులోకి మారుస్తున్నామని గోడ మీద కాగితం అతికించారు. డ్యూటీ తెల్లవారుజామున ఐదుకి మొదలు. సిబ్బంది వ్యాను ఇక ఉండదు. అటువైపు మొదటి బస్సు ఆరున్నరకి. కాగితం చివరి వాక్యం ఆవిడకి నోటికొచ్చేసింది: "సొంత ఏర్పాటు చేసుకోగలిగినవారు కొనసాగవచ్చు." గడువు యాభై రోజులు.

ఆ రోజు నుంచి ఆవిడకి కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా మడమ టకటకా కొట్టుకుంటూనే ఉండేది. అదే గదిలో మిషను ముందు కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టే అత్తగారికి దారం తప్పిపోయేది.

"అబ్బబ్బ, ఆ కాలు ఆపవే! నా మిషనుకి కరెంటు పెట్టించావా ఏంటి?"

"ఆగట్లేదత్తయ్యా."

"మొగుడికి ఫోన్ చెయ్యి మరి. ఏదో ఒకటి చెప్తాడుగా."

మొగుడు లారీ డ్రైవరు. నెలకి వారం రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఎక్కడో రోడ్డు పక్కన బండాపి, "మానెయ్యరాదూ, ఇంకేదైనా చూసుకుందాం" అన్నాడు. నలభై మూడేళ్ళ మనిషికి, ఇస్త్రీ తప్ప వేరే పని తెలియని మనిషికి, ఆ ఇంకేదైనా ఎక్కడుంటుందో ఆయనా చెప్పలేదు. ఆవిడ ఫోను పెట్టేసి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఎక్కడికో ఆవిడకే తెలీదు. నాలుగు వీధులు తిరిగేసరికి టైపు మాస్టారి ఇంటి వెనక రేకుల పాకలో ఆ కారు కనిపించింది.

ఒకప్పుడు సగం ఊరు కొన్న రకం అది. చిన్నబండి, చవకబండి, పెట్రోలు తక్కువ తాగే బండి. మాస్టారికి చూపు మందగించాక ఎనిమిదేళ్ళుగా కదల్లేదు. నాలుగు చక్రాలూ నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. వెనక సీటు చీల్చుకుని ఎలుకలు కాపురం పెట్టాయి. అడుగురేకు తుప్పుపట్టి, లోపల్నుంచి చూస్తే కింద గడ్డి కనిపిస్తోంది. "తీసుకుపోమ్మా, పాత ఇనుము వాడిచ్చే ధరకే ఇస్తా. కనీసం తిరుగుతూ కనిపిస్తుంది" అన్నాడు మాస్టారు. ఆవిడ ఆ సాయంత్రమే సరేనంది. ఎప్పుడో ఏడేళ్ళ కిందట, వెనక రెండు దిళ్ళు, కింద ఒక దిండు పెట్టుకుని డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. బీరువాలో పడుంది.

వీధి చివర షెడ్డులో ఉండే మెకానిక్‌ని అందరూ పానా అన్న అంటారు. వెనక జేబులో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. కారు బానెట్ ఎత్తి చూసి, గడ్డం గోక్కున్నాడు.

"ఏమమ్మా, దీన్ని నడపాలనా, పూడ్చాలనా?"

"నలభై ఆరు రోజుల్లో రోడ్డెక్కాలన్నా."

"నలభై ఆరా! తిథి నక్షత్రం కూడా చూసుకొచ్చావా?"

"నువ్వు చెయ్యి. తుప్పు నేను గీకుతా."

గీకింది. డ్యూటీ దిగి తిన్నగా షెడ్డుకే వచ్చేది. ఉప్పుకాగితం పట్టుకుని డోర్ల కింద, చక్రాల పైన, చెయ్యి దూరే ప్రతి సందులోనూ రుద్దేది. నిజం చెప్పాలంటే ఇంజను కిందకి దూరే పని పానా అన్న కంటే ఆవిడకే బాగా వచ్చింది. "పొట్టిగా ఉండటం కూడా ఒక పనిముట్టే సుమా" అన్నాడాయన ఒకరోజు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ కళ్ళు గోడ మీది క్యాలెండరు మీదే ఉన్నాయి. పెట్రోలు ట్యాంకు విప్పి కడిగారు, కార్బురేటరు ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ కూర్చారు. బిగుసుకుపోయిన బ్రేకు డ్రమ్ములు సుత్తి దెబ్బలకి ఊడొచ్చాయి. అడుగున కొత్త రేకు వేసి వెల్డింగు పెట్టారు. ఇరవై ఆరో రోజు ఇంజను రెండుసార్లు దగ్గి, ఒక నల్లటి పొగ వదిలి, అందుకుంది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. సీట్లో కూర్చుంటే ఆవిడకి క్లచ్ అందదు, రోడ్డు కనపడదు.

"పెడళ్ళకి చెక్కదిమ్మలు కట్టేద్దామమ్మా. చాలామంది అలాగే చేస్తారు" అన్నాడు పానా అన్న.

"వద్దన్నా. జారేవాటి మీద కాళ్ళు పెట్టింది చాలు."

అలా ఆవిడ గట్టిగా వద్దనడం ఆయన మొదటిసారి విన్నాడు. "సరే, ఇనుప పట్టీలతో పొడిగిస్తా. రెండేసి బోల్టులు. మడమ ఆనుకోవడానికి కింద ఎత్తు పలక వేస్తా. సీటు పట్టాలు ముందుకి జరిపి, పైకి లేపుతా. నాకు నీ కొలతలు కావాలి. అంగుళం తేడా వచ్చినా మళ్ళీ కోసుకోవాలి" అన్నాడు.

కొలతలంటే అత్తగారిని మించినవాళ్ళెవరు? టేపు మెళ్ళో వేసుకుని కోడల్ని గుమ్మం దగ్గర నిలబెట్టింది. నడుము నుంచి మడమకి, భుజం నుంచి మణికట్టుకి, మెడ నుంచి నడుముకి. "కదలకు! ఊపిరి బిగబట్టకు! నలభై ఏళ్ళుగా తీస్తున్నా, నా కొలత తప్పిందన్నవాడు ఈ ఊళ్ళో లేడు" అంటూ చీటీ రాసిచ్చింది. పానా అన్న ఆ చీటీ ప్రకారం ఇనుము కోశాడు, వెల్డింగు చేశాడు, బిగించాడు.

ముప్పై మూడో రోజు ఆవిడ కారెక్కింది. క్లచ్ అందింది. బ్రేకూ అందింది. షెడ్డు వెనక సందులో మెల్లగా పోనిచ్చి, మలుపులో బ్రేకు నొక్కింది. పెడలు నొక్కుతున్నకొద్దీ లోపలికి పోతుంది కదా. అది పోయినంత దూరం ఆవిడ కాలు పోలేదు. పిరుదులు సీటు దాటి జారిపోయాయి, సీటుబెల్టు మెడని కోసింది, కారు వెళ్ళి మునిసిపాలిటీ చెత్తకుండీకి ముద్దు పెట్టింది.

పానా అన్న పరిగెత్తుకొచ్చాడు. వెనకే అత్తగారు, చేతిలో టేపుతో సహా. ఎవరికీ దెబ్బల్లేవు. కుండీ సొట్టపడింది, అంతే.

"నా కొలత తప్పలేదు!" అంది అత్తగారు, ఎవరూ అడక్కముందే.

ఆవిడ కూర్చున్నచోటి నుంచే కాలు చాపి బ్రేకు మళ్ళీ నొక్కి చూసింది. "నిలబెట్టి తీశారత్తయ్యా. ప్యాంటు కుట్టడానికి తీసినట్టు తీశారు."

"అందరికీ అలాగే తీస్తా!"

"బండి నిలబడి నడపను కదా."

నలభై ఏళ్ళుగా టేపు పట్టిన టైలరు, ముప్పై ఏళ్ళుగా పానా పట్టిన మెకానిక్, వాళ్ళ మధ్య ఆవిడ. కూర్చున్న మనిషి కొలత తియ్యాలని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టకపోవడంలో వింతేముంది? పని అనగానే ఆవిడ నిలబడే ఉంటుంది, ఆవిడతో సహా అందరి మనసులోనూ. పదిహేడేళ్ళుగా కూర్చుని పనిచేస్తున్న ఆవిణ్ణి చూసినవాళ్ళే లేరు.

అత్తగారు ఇంటికెళ్ళి, తన మిషను ముందున్న స్టూలు పట్టుకొచ్చి షెడ్డు మధ్యలో వేసింది. నలభై ఏళ్ళలో ఆ స్టూలు మీద ఇంకొకళ్ళని కూర్చోనివ్వలేదు.

"కూర్చోవే. చేతులు చక్రం పట్టుకున్నట్టు పెట్టు. కాలు నొక్కినట్టు చాపు. అంతేనా నీ కాలు? ఆశ్చర్యం, ఇన్నేళ్ళూ ఇంకొంచెం ఉందనుకున్నా."

"అత్తయ్యా!"

"నవ్వకు, కొలత చెడుతుంది."

ఈసారి మోకాలు వంగిన కొలత, తొడ కొలత, సీటు నుంచి కంటికి ఎంతో ఆ కొలత. బెల్టు మెడని కాకుండా భుజాన్ని పట్టేలా దాని పై బిగింపు ఎంత కిందకి దించాలో కూడా అత్తగారే సుద్దముక్కతో డోరు పక్క స్తంభం మీద గీత గీసి చూపించింది. స్టీరింగుకి, ఛాతీకి మధ్య జానెడు పైన ఖాళీ ఉండాలని పానా అన్న పట్టుబట్టాడు. నాలుగు రోజుల్లో అంతా మళ్ళీ కోసి బిగించారు. ఈసారి ఆవిడ నొక్కితే బ్రేకు దిగాల్సినంతా దిగింది. కారు ఉన్నచోట ఆగింది. ఆ సందులో ఆవిడ పద్దెనిమిది సార్లు ఆపింది. పానా అన్న లెక్కపెడుతూ అలిసిపోయాడు.

నలభయ్యో రోజు రవాణా ఆఫీసు. బండి మీద మార్పులు చేయిస్తే అక్కడి మైదానంలో పరీక్ష చేసి, తిరగడానికి పనికొస్తుందని కాగితం ఇవ్వాలి. పరీక్షాధికారి చుట్టూ తిరిగి చూశాడు. పని బాగుందనే అన్నాడు. తర్వాత ఫారం తిరగేశాడు.

"ఇందులో దీనికి గడి లేదమ్మా. మామూలు బండి అనడానికి లేదు, పెడళ్ళు మార్చారు. వికలాంగుల బండి అందామంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి."

ఆవిడ ఒకపూట సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. డాక్టరు తలెత్తకుండానే, "మీకు ఏ లోపమూ లేదు. పొట్టిగా ఉన్నారంతే. లేనిది ఉందని నేనెలా రాస్తాను?" అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే. బండికి చాలనంత పొట్టి, ఫారంలో పట్టనంత పొడుగు. ఆ ఆరు రాత్రులూ ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. కాలుగాలిన పిల్లిలా ఆవిడ వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతుంటే అత్తగారు ఆ కాలు ఆపమని ఒక్కసారి కూడా అనలేదు.

నలభై ఆరో రోజు మళ్ళీ వెళ్ళింది. సర్టిఫికెట్ లేదు. ఆ మాటే చెప్పింది.

"మరెందుకొచ్చారు? రూలేంటంటే, బండిని ఎవరెక్కినా నడపగలగాలి."

"సార్, తయారైనప్పుడు దీన్ని నేను నడపలేకపోయాను. అప్పుడు ఎవరెక్కినా అనే మాటలో నేను లేనా?"

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ కదల్లేదు కూడా. వెనక లారీల వాళ్ళు హారన్లు మోగించారు. "నన్ను కూర్చోబెట్టి పరీక్ష చెయ్యండి. ఆపమన్నచోట ఆగకపోతే నేనే తీసుకెళ్ళి పాత ఇనుముకి వేసేస్తా" అంది. చివరికి ఆయన విసుగ్గానో, ఆసక్తిగానో పక్క సీట్లో ఎక్కాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని, మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి ఆరుసార్లు ఆపించాడు. ఆరుసార్లూ నేల మీద గీసిన సుద్దగీత దగ్గరే ఆగింది.

దిగి, పెన్ను మూత తీశాడు. "గడి నేను పుట్టించలేనమ్మా. ముప్పై రోజుల తాత్కాలిక చీటీ రాస్తాను. నెలనెలా వచ్చి మార్పించుకోండి. అంతకంటే నా చేతిలో లేదు."

అలా ఆవిడ ఉద్యోగం నిలిచింది. నిలిచిందని అనాలా? ఇప్పటికి ఐదు చీటీలయ్యాయి. ప్రతి చీటీకీ ఒక రోజు సెలవు, ఒక రోజు వరస, మళ్ళీ అవే ఆరు బ్రేకులు. రెండో నెలలో ఆ అధికారి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన ప్రతిసారీ మొదట్నుంచీ అడుగుతాడు, "సర్టిఫికెట్ ఏది?" అని. అటు లాండ్రీలో సూపర్‌వైజర్ సెలవుల పట్టీ తెరిచి, "ఇంకొక్కటి పెడితే పైకి రాయాల్సొస్తుంది" అన్నాడు. ఐదో చీటీ గడువు ఈ నెల ఇరవై ఏడుతో తీరుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ చిన్న కారు మా వీధి దాటుతుంటే ఆవిడ చూపు రోడ్డు మీద ఎంత ఉంటుందో, ఆ తేదీ మీదా అంతే ఉంటుంది.

ఈ కథ చదివి ఆవిడ పట్టుదలని మెచ్చుకుని పేజీ తిప్పెయ్యకండి. ఆవిడకి మెచ్చుకోలు అక్కర్లేదు. చీటీ కాదు, పూర్తి కాగితం కావాలి. అది ఆవిడ ఒక్కతే అడిగితే రాదు. మీ ఊళ్ళోనూ ఒక రవాణా ఆఫీసుంది. ఈ వారమే వెళ్ళి ఒక అర్జీ పెట్టండి: నడిపే మనిషి కొలతకి మార్చిన బండిని, ఆ మనిషినే కూర్చోబెట్టి పరీక్షించండి, నెగ్గితే ఏ డాక్టరు సంతకమూ అడక్కుండా శాశ్వతంగా అనుమతివ్వండి, అందుకు ఫారంలో ఒక గడి పెట్టండి. పొట్టివాళ్ళే రాయాలని లేదు, పొడుగువాళ్ళు రాస్తే ఇంకా మంచిది. నోటిమాటగా అడిగి వచ్చేయకండి. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. నెలలో జవాబు రాకపోతే ఆ ముద్ర చూపించి మళ్ళీ అడగండి.