గూబ కూత కూసి టర్కీ కోళ్ళ జాడ పట్టిన శుక్రవారం

మా మేనల్లుడు గంగాధర్ గురువారం సాయంత్రం ఫోన్ చేశాడు. వాడు దోహాకు ఉత్తరాన అల్ ఖోర్ అనే ఊరు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక మజ్రాలో పని చేస్తాడు. మజ్రా అంటే తోట. ఖర్జూర చెట్లు, కూరగాయలు, మేకలు, కోళ్ళు అన్నీ ఉంటాయి. నేను దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక విల్లాలో నలుగురితో కలిసి ఉంటాను. అల్ సద్‌లో ఒక ఆఫీసులో టీ చేస్తాను. ఇన్నేళ్ళలో ఆ తోట చూడటానికి రెండుసార్లే వెళ్ళాను. ఈ మూడోసారి వెళ్ళింది చూడటానికి కాదు.

"మామా, టర్కీ కోళ్ళు పోయినయి. పొద్దుగాల గేటు గడియ సరిగ పడలే. పొద్దంత బండి ఏసుకొని తిరిగినం. ఒక్కటి గూడ కానరాలే" అన్నాడు. ఒక పుంజు, ఆరు పెట్టలు. తోట యజమాని తల్లి వాటిని పిల్లలప్పటి నుంచి చేతిలో గింజలు పోసి పెంచిందట. శుక్రవారం రాత్రి గంగాధర్‌కు హైదరాబాద్ ఫ్లైట్ ఉంది. భార్య లావణ్యకు నెలలు నిండాయి. పెద్దపిల్ల పుట్టినప్పుడు వాడు ఇక్కడే ఉన్నాడు. ఇంటికి పోయేసరికి ఆ పిల్ల నడుస్తోంది, వాణ్ణి చూసి తలుపు వెనక దాక్కుంది. ఈసారైనా ముందే చేరాలని వాడి ఆశ. యజమాని చెడ్డవాడు కాదు. కానీ, కోళ్ళు దొరికాక పో, నువ్వు పోతే వాటి సంగతి తెలిసినవాడు ఇక్కడ లేడు అన్నాడట. అదీ న్యాయమే.

"నువ్వు చేను కాడ నెమళ్ళను పలికిస్తుంటివి గద మామా. ఒక్కసారి రా" అన్నాడు.

మా ఊరు నిర్మల్ దిక్కు. మా చేను అడవి అంచున ఉండేది. జొన్న కంకి పట్టగానే నెమళ్ళు దిగేవి. అంత చేనులో అవి ఎక్కడున్నాయో తెలియదు. అందుకని తెల్లవారకముందు మంచె మీద నుంచి గూబలాగా ఒక కూత కూసేవాణ్ణి. నెమలి ఉలిక్కిపడి బదులు పలికేది. ఆ కూతకు అది మన దగ్గరికి రాదు. ఎక్కడుందో చెబుతుంది, అంతే. అప్పుడు అటు వెళ్ళి తోలేవాళ్ళం. కొట్టడానికి మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. టర్కీ పుంజుకు కూడా ఇదే గుణం ఉందని గంగాధర్ మాటల్లో తెలిసింది. బండి తలుపు గట్టిగా వేస్తే చాలు, దొడ్లో నుంచి గుడగుడమని అరుస్తుందట. వస్తానన్నాను. ఫోన్ పెట్టాక నాకు నిద్ర పట్టలేదు. నలుగురిలో మాట్లాడాలంటేనే నాకు ఇబ్బంది. ఇప్పుడు నలుగురి ముందు కూత కూయాలి.

శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, దాని మీద ఆశ పెట్టుకుంటే పొద్దెక్కుతుంది. మా విల్లా పక్కనే ఉండే డేవిడ్‌ను అడిగాను. గోదావరి జిల్లా అతను, సొంత కారు ఉంది. రానూపోనూ, అక్కడ ఆగినందుకూ కలిపి రెండు వందల రియాళ్ళన్నాడు. టాక్సీ అయితే తిరిగి రావడానికి అక్కడ దొరకదు. నాలుగింటికి బయలుదేరాం. ఉత్తరం రోడ్డు ఖాళీగా ఉంది. అల్ ఖోర్ దాకా ముప్పావు గంట, అక్కడి నుంచి లోపలికి ఇంకో పావుగంట. చివరి రెండు కిలోమీటర్లు మట్టిదారి.

"ఏంటండి బాబాయ్, ఎక్కిన దగ్గర్నుంచి ఒక్క మాటా లేదు" అన్నాడు డేవిడ్.

"గాలి జూస్తున్న" అన్నాను. రోడ్డు పక్క జెండాలు బాగా ఊగుతున్నాయి. గాలి ఎక్కువైతే కూత పోదు, జవాబు రాదు.

"నాకు పదింటికి చర్చిలో ప్రార్థన ఉందండి, ఇక్కడ శుక్రవారమే కదా. అప్పటికి అయిపోద్దంటారా?"

"ఎండ వొస్తే అవి పలుకయి. అయితే తొందరగనే అయితది. లేకుంటే లేదు."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తోట దగ్గర గంగాధర్ గేటు బయటే నిలబడి ఉన్నాడు. నిన్నటి బట్టలే. పక్కన ఫోర్‌మన్ ఇక్బాల్ భాయ్, పెషావర్ వైపు మనిషి, పెద్ద గొంతు. నన్ను పైనుంచి కింద దాకా చూసి "చాచా, ఈ పని మీరు చేస్తారా? మీ గొంతు నాకే వినబడట్లేదు" అని హిందీలో అన్నాడు. టీ ఇచ్చాడు. చుట్టూ చూశాను. దక్షిణం వైపు ఇసుకంతా టైరు గుర్తులే. నిన్నంతా హారన్ కొడుతూ కోళ్ళ వెంట తిరిగారు. ఇక ఆ చప్పుడంటే వాటికి బండి తరుముకు రావడమే. బండి తలుపు వేసి చూశాం. జవాబు లేదు.

తోట వెనక మట్టికట్ట ఉంది. దాని మీదికెక్కి, గాలికి వీపు పెట్టి నిలబడ్డాను. ముందు నెమలి కూత కూశాను. గొంతు మధ్యలో చీలిపోయింది. డేవిడ్ తల పక్కకు తిప్పుకున్నాడు. నవ్వుతున్నాడని తెలుసు. చెవుల వెనక చేతులు పెట్టి విన్నాను. గాలి, దూరంగా పంపు చప్పుడు. ఇంకోసారి కూశాను, ఏమీ లేదు. కాకిలా అరిచాను. ఖర్జూర చెట్లలోంచి నిజం కాకులే నాలుగు లేచి అరుపు అందుకున్నాయి. అవి ఆగేదాకా ఏమీ వినబడలేదు.

"లేపకూడని వాళ్ళని లేపారు చాచా" అన్నాడు ఇక్బాల్ భాయ్.

తూర్పు తెల్లబడుతోంది. గంగాధర్ నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "గూబ కూత ఎందుకు కూస్తలేవు మామా?"

నేను తల తిప్పి ఖర్జూర చెట్ల వైపు చూశాను. వాడే అన్నాడు. "లావణ్యను రాత్రే దవాఖానల చేర్పిచ్చిన్రు."

కాన్పు ఇంటి దగ్గర గూబ కూస్తే మా దిక్కు మంచిది కాదంటారు. గూబ కూసిందని తెలిస్తే ఆడవాళ్ళు ఇంటి ముందు ఉప్పు చల్లుతారు. అలాంటిది నేనే నా నోటితో ఎలా కూయాలి? కూయకపోతే వీడు ఇక్కడే ఉండిపోతాడు. కూశాక అక్కడ ఏదైనా అయితే? ఇంత వయసొచ్చి, దీనికి భయపడతావా అంటే ఏం చెప్పను. భయపడ్డాను.

గంగాధర్ ఫోన్ తీసి వాళ్ళమ్మకు కలిపాడు. ఆమె మా అక్క రాజవ్వ. దవాఖాన వరండాలో ఉంది. అక్కడ ఎనిమిదయి ఉంటుంది. వాడు సంగతంతా చెప్పి ఫోన్ నాకిచ్చాడు.

"ఏం తమ్మీ, పిల్లగాన్ని దుబాయ్‌లనే ఉంచుతవా?" అంది. అక్కకు ఇదంతా దుబాయే.

"అక్కా, గూబ కూత..."

"నువ్వు కూస్తే గూబ అయితవారా? నా తమ్మునివే ఉంటవు గద. కూయి. ఈడ నర్సమ్మ నన్ను పిలుస్తుంది, పోవాలె."

పెట్టేసింది. కోడలు ఎలా ఉందో నేను అడగనే లేదు.

రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి పట్టి ఒక్క కూత కూశాను. చిన్నది. వెంటనే ఆపాను. కూత ఇంకా గాల్లో ఉండగానే వాయవ్యం నుంచి గుడగుడమని సన్నగా వినబడింది. చెవుల్లో నీళ్ళు పోయినప్పుడు వచ్చే చప్పుడంత. గంగాధర్ అటు చెయ్యి చాచాడు. డేవిడ్ కారు వైపు కదలబోయాడు. అతని చొక్కా పట్టుకుని ఆపాను. వీళ్ళు నిన్నంతా వెతికింది దక్షిణం వైపు.

ఒకచోట నుంచి విన్నప్పుడు దిక్కే తెలుస్తుంది, దూరం తెలియదు. గంగాధర్‌ను చెయ్యి దించొద్దని చెప్పి అక్కడే నిలబెట్టాను. నేను కట్ట దిగి తూర్పుకు నడిచాను. వాడు నా చిటికెన వేలంత కనబడే దూరంలో ఆగి మళ్ళీ ఒకసారి కూశాను. పలికింది. వాడి చెయ్యి చూపే దారి, నా చెయ్యి చూపే దారి కలిసే చోట పల్లంలో రేగు చెట్ల గుంపు ఉంది. పాతబడి గోడ కూలిన తోట అది. ఇక కూయలేదు. ఎక్కువసార్లు కూస్తే అనుమానం వచ్చి నోరు మూసుకుంటుంది, లేదా అక్కణ్ణించి కదిలిపోతుంది.

బండ్లు తోట దగ్గరే వదిలేసి నడిచాం. తలా ఒక ఖర్జూర మట్ట పట్టుకుని దూరం నుంచి చుట్టూ తిరిగి పల్లానికి అవతలి వైపు చేరాం. రేగు కొమ్మ మీద పుంజు ఉంది. కింద పెట్టలు. గంగాధర్ గింజల డబ్బా మెల్లగా ఆడించాడు. ఒక్కొక్కటే మెడలు సాచాయి. మట్టలు అడ్డం పెట్టి, పరుగెత్తకుండా, మాట్లాడకుండా తోలుకొచ్చాం. అరగంట నడక గంట పైనే పట్టింది. గేటులోకి పోతుంటే లెక్కపెట్టాను. ఒక పెట్ట తక్కువ.

నేనూ గంగాధర్ వెనక్కి వెళ్ళాం. కూలిన గోడ పక్కన ఈకలు, కుక్కల అడుగులు. వాడు అక్కడే కూర్చుండిపోయాడు. "అయిపాయె మామా" అన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాను.

తిరిగి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఇక్బాల్ భాయ్ యజమానికి ఫోన్ చేశాడు. పుంజు, అయిదు పెట్టలు ఉన్నాయన్నాడు, ఒకటి మాఫీ, అంటే లేదన్నాడు. తర్వాత అవతలి మాట వింటూ ఉన్నాడు. గంగాధర్ నేల చూపులు చూస్తున్నాడు. ఇక్బాల్ భాయ్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి మాకు చెప్పాడు. "వాళ్ళమ్మను అడుగుతున్నాడు."

ఆ కాసేపు నాకు కూత కూసిన దానికన్నా కష్టమయింది.

చివరికి ఫోన్ జేబులో పెట్టుకుని "పోయింది పోయిందట. బిడ్డ పుట్టే ఇంట్లో తండ్రి ఉండాలన్నదట ఆమె. యల్లా, పద, సంచి తెచ్చుకో" అన్నాడు. గంగాధర్ వెంటనే కదలలేదు. అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక పరుగెత్తాడు.

డేవిడ్ కారులోనే ముగ్గురం దోహా వచ్చాం. పదిన్నర దాటింది. "ఆలస్యానికి దేవుడికి నేను చెప్పుకుంటాలెండి బాబాయ్" అన్నాడు డేవిడ్. గంగాధర్ వెనక సీటులో నోరు తెరిచి నిద్రపోయాడు. సాయంత్రం ఎయిర్‌పోర్టుకు కూడా డేవిడే దింపాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. గదిలో వాళ్ళు అడిగితే కడుపు బాగాలేదన్నాను. శనివారం పొద్దున ఆఫీసులో పాలు కాస్తుంటే అక్క ఫోన్ వచ్చింది. చేతులు తుడుచుకోకుండానే ఎత్తాను. ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. గంగాధర్ దవాఖానకు చేరిన గంటకు పుట్టిందట. వాడే ముందు ఎత్తుకున్నాడట.

"నీ కూత ఈడిదాంక ఇనవడలే తమ్మీ. ఇగ అన్నం తిను" అంది. నేను తినలేదని ఆమెకు ఎవరు చెప్పారో.

కూయడం పెద్ద పని కాదని ఇప్పుడు అనిపిస్తోంది. గొంతు ఉన్నవాళ్ళెవరైనా కూయగలరు. కూశాక నోరు మూసుకుని నిలబడాలి, అదే బరువు. అటు నుంచి ఏం వస్తుందో తెలియదు, అసలు వస్తుందో రాదో తెలియదు. ఇక్కడ మాలాంటి వాళ్ళం రోజూ అలాగే నిలబడి ఉంటాం. మొన్న జవాబు వచ్చింది.

తోటల వైపు వెళ్ళి ఇలా పక్షి జాడ పట్టాలనుకునే వాళ్ళకు ఒక్క మాట. తోటవాళ్ళను అడిగే లోపలికి వెళ్ళండి, పెంపుడు పక్షి అయితేనే వెతకండి, అడవి పక్షుల జోలికి పోవద్దు. ఇక కూత ఎప్పుడూ పొట్టిగా ఉండాలి. మీ గొంతు ఆగకముందే అది పలుకుతుంది. మీరు ఇంకా కూస్తూ ఉంటే మీకు వినపడదు.