రికార్డు ప్లేయరుకు రాతి పళ్ళెం

ఆరు నెలలుగా నేను స్వహస్తాలతో రూపొందిస్తున్న రికార్డు ప్లేయరుకు ఈ రోజు రాతి పళ్ళెం అందినదని తెలియజేయుటకు విచారిస్తున్నాను.

పళ్ళెం ఎంత బరువుగా ఉంటే రికార్డు అంత నిలకడగా తిరుగుతుంది. అందుచేత మా అనకాపల్లిలో తిరగళ్ళు చెక్కే అప్పారావుకు, అద్దంలా నున్నటి గుండ్రటి నల్లరాయి కావాలని కొలతలతో సహా కాగితం రాసిచ్చాను. కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. అయితే అతడు స్వీయ ఔదార్యంతో పైభాగమంతా ఉలితో గాట్లు కొట్టుకొచ్చాడు.

“ఇదేటి అప్పారావ్? నున్నగా ఉండాలన్నాను కదా!”

“నున్నగా ఉంటే గింజ జారిపోద్ది బాబూ. గాట్లకి డబ్బులొద్దులెండి, మీరు తెలిసినోరు.”

“దీనిమీద తిరిగేది గింజలు కాదయ్యా, పాట!”

“పాటకేటి బాబూ, ఇంత బరువు?”

సాంకేతిక వివరణకు నేను గొంతు సవరించుకునేలోగా అతడు వంటింటి వైపు తిరిగాడు.

“అమ్మగారూ, పై రాయి ఎప్పుడు తెమ్మంటారు?”

“సోమారం తెచ్చీ అప్పారావ్. కందులు విసరాలి,” అని నా శ్రీమతి ఉత్తర్వు జారీ చేసింది.

ఈ విషయమై నా అభిప్రాయం ఎవరూ కోరలేదు. కనుక, సోమవారంలోగా నల్లరాతిమీద గాట్లను చప్పుడు కాకుండా అరగదీసే విధానం తెలిసిన పెద్దలు సత్వరమే తెలుపగలరని ప్రార్థన.