టెంకాయ లేచిన కబడ్డీ మైదానం

మగ్గాల మీద బతికే మా ఊళ్లో నా దగ్గరకు వచ్చే కేసులు చాలావరకు ఇంటిపన్నువే. మగ్గం గుంత ఉన్న ఇంటికి దుకాణం పన్ను ఎట్లా వేస్తారని మున్సిపాలిటీతో కొట్లాడటమే నా వృత్తి. ఎనభైల మొదట్లో ఒక కరువు వేసవిలో మాత్రం నేతగాళ్ల వీధి కబడ్డీ జట్టు వచ్చింది. వాళ్లాడే మైదానం మధ్యలో మున్సిపాలిటీ బోరు వేయబోతోంది. నీళ్లు చూసేవాడొకడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచాడట. నడిగీత మీదికి రాగానే అది నిట్టనిలువుగా లేచిందట, అంటే కింద నీళ్లున్నట్టు లెక్క. ఆ వీధికి వేరే ఆటస్థలం లేదు.

ఊరికి దాహం లేదని నేననలేదు. ట్యాంకరు వచ్చినప్పుడు ఆడవాళ్లు జుట్లు పట్టుకోవడం చూసినవాణ్ణే. కానీ టెంకాయ చూపిన చోట ప్రజల సొమ్ము గుమ్మరించడం నాకు కంపరం. పైగా ఆ స్థలాన్ని ఆటకే వదలాలని కౌన్సిల్ పాత తీర్మానం ఉంది. దాన్ని రద్దు చేయకుండా అక్కడ బోరు దించడం చట్టవిరుద్ధం. అభ్యంతరం రాసిచ్చాను. కమిషనర్ విచారణకు మైదానానికే వచ్చాడు.

బోరు లారీ అప్పటికే వచ్చి నిలబడింది, దాని పక్కనే టెంకాయతో నీళ్లు చూసేవాడు. చుట్టూ ఖాళీ బిందెలతో ఆడవాళ్లు. నేను తీర్మానం చదవబోతే ఒకామె అడ్డం వచ్చింది.

"కాగితం పిండితే నీళ్లొస్తాయా లాయరు సామీ?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "ఈయన విద్య నిజమైతే కళ్లకు గంతలు కట్టినా టెంకాయ అక్కడే లేవాలి. కట్టి చూద్దాం" అన్నాను.

నీళ్లు చూసేవాడు తొణకలేదు. "కట్టప్పా, నాకేం భయం" అన్నాడు.

జట్టు నాయకుడు తువ్వాలుతో అతని కళ్లు కట్టి, గిరగిరా తిప్పి వదిలాడు. అతను నడిగీత దాటాడు. టెంకాయ కదల్లేదు. మైదానం దాటి, చెత్త పోసే ఖాళీ స్థలంలో కాలు పెట్టాక లేచింది.

"మొన్న అక్కడ, ఈరోజు ఇక్కడ. రెండింట్లో ఏది అబద్ధం?" అని అడిగాను.

"రెండుచోట్లా తవ్వండప్పా, మాకేం పోయింది" అందొక ముసలామె.

కమిషనర్ ముఖం తేలికపడింది. నీళ్లు చూసినవాడి మాట ప్రకారం బోరు స్థలం మార్చడమైనదని గుమాస్తాతో రాయించసాగాడు. నేను అడ్డుకున్నాను. తీర్మానం ఉంది గనుక మార్చామని రాయమన్నాను. ఉత్తర్వు టెంకాయ మీద నిలబడితే రేపు ఇంకో టెంకాయ దాన్ని పడగొడుతుంది.

లారీ హారన్ మోగింది. బిందెలు నా మీదికి జరిగాయి. జట్టు నాయకుడు నా చెయ్యి పట్టి లాగాడు.

"గెలిచినాం కదన్నా. ఇంగ వదిలెయ్. వీళ్లు కొట్టేట్టుండారు."

"మీ కక్షిదారుకే అభ్యంతరం లేదు. మీకేమండీ?" అన్నాడు కమిషనర్.

కక్షిదారు లేని లాయరుకు నోరు లేదు. పక్కకు తప్పుకున్నాను. ఉత్తర్వు టెంకాయ పేరు మీదే వెలువడింది.

చెత్తదిబ్బ బోరులో కొన్నాళ్లు నీళ్లొచ్చాయి. దాంతో ఆ మనిషికి ఊళ్లో పరపతి ఇంకా పెరిగింది. మరుసటి ఎండాకాలానికి బోరు ఎండింది. అతను మళ్లీ నడిచాడు. టెంకాయ మళ్లీ కబడ్డీ మైదానంలోనే లేచింది. జట్టు నాయకుడు నా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. నేను దావా రాస్తుంటే మెల్లగా అన్నాడు:

"కోర్టెందుకన్నా? ఆయప్పకు ఏదో ఒకటి ఇచ్చి, టెంకాయ పక్కకు లేసేట్టు మాట్లాడుకుంటే అయిపోదా?"

అంటే వాడికి ఆ విద్య మీద నమ్మకం లేదు. చట్టం మీద అంతకన్నా లేదు. దావా కాగితం వాడి ముందుకు తోసి, సంతకం పెట్టేదాకా లేవద్దన్నాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చివరికి పెట్టాడు.

మైదానంలో బోరు వేయొద్దని మున్సిఫు స్టే ఇచ్చాడు. ఉత్తర్వులో తీర్మానం ఉంది, టెంకాయ లేదు. ఆ వేసవంతా బిందెల ఆడవాళ్లు నా ఇంటి ముందు ఆగి, తిట్టి మరీ పోయేవాళ్లు.