కాగితాల్లో చచ్చిన కారు

ఏడో తరగతిలోనే బడి మానేసిన నేను కారు కొనేటప్పుడు కాగితాలు చూడలేదు, హారన్ కొట్టి చూశాను. బాగానే మోగింది. కామారెడ్డిలో దాన్ని అమ్మిన పెద్దమనిషి మాట్లాడినంతసేపూ బానెట్‌ను పాడిబర్రెలా నిమిరాడు. "బిడ్డ లెక్క సాదిన తమ్మీ" అన్నాడు.

ఎల్లారెడ్డిలో కిరాయికి తిప్పుకుందామని, ఉన్న ఆటో అమ్మి కొన్నాను. నా పేరు మీదికి మార్పించడానికి ఆర్టీఓ ఆఫీసుకు పోతే, ఆ బండి ఎప్పుడో తుక్కయిపోయినట్టు రాసి ఉందన్నారు. రోడ్డెక్కితే గుంజుకుంటామన్నారు.

అమ్మిన పెద్దమనిషిని నిలదీయడానికి పోయేసరికి అతని చెయ్యి ఇంకో బానెట్‌ను నిమురుతోంది. "నడుస్తలేదా తమ్మీ? నడిచేదాన్ని సచ్చిందని రాసినోళ్లను అడుగు" అన్నాడు. ఆ చెయ్యి విరగ్గొట్టాలన్నంత మండింది.

ఇంటికొచ్చి అతన్ని తిడుతూనే కారు కడిగి ఫోటోలు తీస్తున్నాను. బీడీలు చుడుతున్న మా ఆవిడ తలెత్తకుండా అంది: "ఆయనను తర్వాత తిట్టు. ముందుగాల దీన్ని పిట్లం ఊర్ల ఎవనికి అంటగడ్తవో చెప్పు."