బండి ఇరుసుకు పూసిన ఆయిలు

అరవయ్యో దశకంలో సూళ్లూరుపేటలో నేను మెకానిక్కుని. పొలాల్లో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. మా ఊరి రెడ్డిగారు మద్రాసు నుంచి ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చి, దాని బాగోగులు నాకు కాకుండా, నా దగ్గర పని నేర్చుకున్న మస్తానుకు అప్పగించారు. నా ఒళ్లు మండిపోయింది. దానికి ఏ రకం ఆయిలు పొయ్యాలో, ఎన్ని మైళ్లకు మార్చాలో వాడు నన్ను ఒక్కసారైనా అడగలేదు.

ఒకరోజు బజారులో ఆ కారు ఆగి ఉంటే, రెడ్డిగారితో సహా పదిమంది చూస్తుండగా బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగాను. ఆయిలు కాటుకలా ఉంది.

"చూడండయ్యా! పదిహేను రోజుల కింద ఆయిలు మార్చినానన్నాడే మస్తాను, మార్చనే లేదు," అన్నాను.

రెడ్డిగారు మస్తానును పిలిపించారు. వాడు పుల్ల చూసి నెమ్మదిగా చెప్పాడు.

"ఇది ఇంజన్ను కడిగే రకం అన్నా. లోపలి మసిని పట్టుకుంటాది, అందుకే తొందరగా నల్లబడతాది. అప్పుడు దీంట్లోంచి తీసిన పాత ఆయిలు మీ ఇంట్లో వదినకిచ్చినా కదా, మీ ఎద్దుల బండి ఇరుసుకు పనికొస్తాదని."

ఏ పొలం ఇంజన్‌దో అనుకుని, ఆ ఉదయమే దాన్ని ఇరుసుకు పూశాను. ఆ నలుపు అప్పటికింకా నా వేళ్లకే ఉంది. పదిమందీ నా చేతుల వంకే చూశారు.

ఆ తర్వాత కూడా ఆయిలు మార్చినప్పుడల్లా మస్తాను మా ఇంటికి డబ్బా పంపేవాడు. ఆ రోజు నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.