గ్రేసమ్మకు పట్టిన మేకపాలు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మొదట్లో అది కుక్కపిల్లంత ఉండేది. మాటవరసకు అనడం లేదు, ఇది నిజంగానే ఒక కుక్కపిల్ల గురించి. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మ పోయేదాకా ఆవిడకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పుకుంటున్నాను. వింటే నవ్వొస్తుంది. నవ్వండి, ఏం పర్వాలేదు, నాకూ వస్తుంది. నవ్వు అయిపోయాక గొంతులో ఏదో ఒకటి మిగిలిపోతుంది చూడండి, నా బాధంతా దాంతోనే.

డెబ్భైల చివర మేం జంషెడ్‌పూర్‌లో, గోల్‌మురిలో, కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మాది శ్రీకాకుళం వైపు. నాన్న రేకుల కార్ఖానాకు సైకిలు మీద వెళ్ళి వచ్చేవారు. ఇంట్లో వాళ్ళు తెలుగులో మాట్లాడితే నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని. బడిలో హిందీ, వీధిలో హిందీ. తెలుగు ముసలివాళ్ళ భాష అని నా పొగరు. "ఈ గుంటకి నాలిక అడ్డం తిరిగిపోనాది" అని అమ్మ విసుక్కునేది. ఆ పొగరే నన్ను ఇందులోకి దించింది. లేక, పొగరు మీదికి తోసేస్తే నాకు సుఖంగా ఉంటుందని తోస్తున్నానా? ఏమో. ముందు జరిగింది చెప్తాను.

మా లైను వెనక మురిక్కాలవ పక్కన ఒక వీధికుక్క ఈనింది. పిల్లలు ఇంకా కళ్ళు తెరవకముందే తల్లిని లారీ గుద్దేసింది. నేను వెళ్ళేసరికి ఒక్క పిల్లే ప్రాణంతో ఉంది. ఆడది. తెల్లగా, ముక్కు మీద మాత్రం మసి అంటినట్టు నల్ల మచ్చ. దాన్ని గౌను ఒళ్ళో వేసుకుని తెచ్చి బొగ్గుల గదిలో దాచాను. పొయ్యికి బొగ్గులు తీసుకోడానికి వెళ్ళిన అమ్మకు బొగ్గుల్లోంచి కుయ్యిమని వినిపించింది. ఆవిడ అరవలేదు. "ఉంచుకుంటే ఉంచుకో. తమ్ముడి పాలల్లోంచి ఒక్క సుక్క ముట్టుకున్నావంటే నీ ఈపు సీరేత్తాను" అంది. అమ్మ అన్న మాట చేసే మనిషి.

గంజి పడితే తాగలేదు. పాలు కావాలి. పాలున్నది రూతమ్మ మామ్మ దగ్గర.

రూతమ్మ మామ్మ మాకు రెండు లైన్ల అవతల ఉండేది. చుట్టం కాదు, తెలుగువాళ్ళం కాబట్టి మామ్మ. ఎవరెవరి ఇళ్ళలోనో ఆయాగా చేసి బోలెడంతమంది పసివాళ్ళను పెంచింది. మొగుడు పోయాడు, తనకు పిల్లల్లేరు. వాకిట్లో జామచెట్టుకు ఒక మేకను కట్టుకుని ఉండేది. ఆ పాలు అమ్మేది కాదు. తల్లి లేని బిడ్డకో, తల్లికి పాలు పడని బిడ్డకో ఊరికే పోసేది. పసిబిడ్డ నోటికాడి పాలకు డబ్బు పుచ్చుకుంటే మేక ఒట్టిపోతుందని ఆవిడ నమ్మకం. కుక్కలంటే మాత్రం ఒళ్ళు మంట. ఆ వానాకాలంలోనే వీధికుక్కలు ఆవిడ మేకపిల్లను కరిచి చంపేశాయి. అప్పటినుంచి గుమ్మం దగ్గర రాళ్ళు పోగేసి పెట్టుకుంది. ఈ సంగతి లైన్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. నాకు తెలుసన్నది మీరు గుర్తుపెట్టుకోవాలి.

అయినా గ్లాసు పట్టుకుని వెళ్ళాను. బతిమాలదామనే వెళ్ళాను. ఆవిడ ఎదురుగా నిలబడేసరికి అలవాటుగా హిందీ వచ్చేసింది. "మామ్మా, ఏక్ పిల్లా హై, ఉస్‌కే లియే థోడా దూధ్ దో నా. ఉస్‌కీ మా మర్ గయీ."

హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల. ఆ ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. తల్లి చచ్చిపోయింది, దానికి కాసిని పాలు కావాలి, నేనడిగింది ఇదే. దూధ్, మా, మర్ గయీ అన్నీ మామ్మకు సరిగ్గానే వినిపించాయి. పిల్లా ఒక్కటే ఆవిడకు తెలుగులో వినిపించింది. ఎంతైనా చివర ఒక్క దీర్ఘమే కదా తేడా.

మామ్మ ఊడుస్తున్న చీపురు అక్కడే వదిలేసింది. "అయ్యో తండ్రీ. సంటిదా? ఆడపిల్లా?" అంది.

"హా" అన్నాను.

ఆడదే కదా. ఆ రోజు నేను అబద్ధం ఆడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అడిగినదానికి జవాబిచ్చాను, అంతే కదా. కానీ ఆవిడ మొహం చూస్తూనే నాకు సంగతి అర్థమైపోయింది. ఆరో క్లాసు చదువుతున్నాను, నోట్లో వేలు పెడితే కొరకలేని దాన్నేమీ కాదు. సరిచెయ్యడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే గ్లాసు ఖాళీగా తిరిగి వస్తుంది. మామ్మ అప్పటికే మేక పక్కన చతికిలబడి పొదుగు తుడుస్తోంది. నేను నోరు మూసుకుని గ్లాసు పట్టుకున్నాను.

తర్వాత ఎవరి బిడ్డని అడిగింది. మా మామయ్య కూతురు, మామయ్య గమ్హరియాలో పని చేస్తాడు, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది అన్నాను. ఇది అచ్చమైన అబద్ధం. నాకు మామయ్యే లేడు. వచ్చి చూస్తానంటే, దిష్టి తగులుతుందని అమ్మ ఎవరికీ చూపించడం లేదన్నాను.

ఇక చూడండి నా వైభవం. రోజూ బడికి ముందు ఒకసారి, బడి నుంచి వచ్చాక ఒకసారి మామ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. పాలతో పాటు ఒక పాఠం కూడా ఇచ్చేది. ఎల్లకిలా పడుకోబెట్టి పట్టకు, పొలమారుతాది, తలెత్తి పట్టు. బేగి బేగి పొయ్యకు. తాగించాక బుజాన్నేసుకుని ఈపు తట్టు. నేను ఇంటికొచ్చి అన్నీ అక్షరాలా చేసేదాన్ని. సీసా లేదు, అందుకని నా ఇంకు ఫిల్లరు కడిగి దాంతో పట్టాను. ఎంత కడిగినా కాస్త నీలం దిగేది. నీలం పాలు తాగి, నా భుజం మీద ముక్కు ఆనించి, నిజంగానే త్రేన్చేది. చెవి పక్కన అంత చిన్న త్రేన్పు వింటే ఎంత సంతోషమో మీకెలా చెప్పను? ఆ సంతోషంలో పాపం గీపం ఏమీ గుర్తుండేవి కావు.

ఒకరోజు దాని పొట్ట బిగిసిపోయింది. పాలు వద్దంది, మూలిగింది. ఏడుస్తూ మామ్మ దగ్గరికి పరిగెత్తాను. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి పొట్ట మీంచి కిందికి మెల్లగా తుడవమంది. తుడిచాను. నా ఒళ్ళోనే ఉచ్చ పోసేసింది. అంత చిన్నప్పుడు కుక్కపిల్లలు వాటంతట అవి పొయ్యలేవట, తల్లి నాకితేనే పోస్తాయట. అది నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. అంటే దాన్ని బతికించింది నేను కాదు, మామ్మే. ఏం పెంచుతోందో తెలియకుండానే పెంచింది.

కార్ఖానా భోంపూ, అదే సైరను, మోగినప్పుడల్లా పాలు పట్టేదాన్ని. కొన్నాళ్ళకు భోంపూ కూత వినగానే అదీ నోరెత్తి కూయడం మొదలెట్టింది. "ఇది కూడా డ్యూటీకెల్తదేటి" అని నాన్న నవ్వేవారు.

పేరు కూడా మామ్మే పెట్టింది. బారసాల అయిందా అని అడిగితే లేదన్నాను. "అయితే గ్రేసమ్మ అనండి. తల్లి పోయినా బతికింది, దేవుడి కృప కాక మరేటి?" అంది. పాత తెల్లచీర చింపి, అంచుకు లేసు వేసి, చిన్న గౌను కుట్టి ఇచ్చింది. తొడిగి చూశాను. నాలుగడుగులు వేసి, అంచు తొక్కుకుని, ముక్కు మీద పడింది. అమ్మ చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది. ఎక్కడిదే ఈ గౌను అంటే బొమ్మది అన్నాను. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు.

ఇంకో ముక్క చెప్తాను, కోప్పడకండి. మా క్లాసులో ఒక అమ్మాయి వాళ్ళు మామ్మ వెళ్ళే తెలుగు చర్చికే వెళ్ళేవాళ్ళు. ఆ అమ్మాయి ఒక సోమవారం నాతో, "కల్ చర్చ్ మే సబ్‌నే ఏక్ బిన్ మా కీ బచ్చీ కే లియే ప్రార్థనా కీ, గ్రేసమ్మ నామ్ హై" అంది. చర్చి నిండా జనం తల్లి లేని ఆ బిడ్డ కోసం మోకాళ్ళూనారట. నేను ఇంటికి పరిగెత్తాను. గ్రేసమ్మ కొత్తగా వచ్చిన పళ్ళతో నాన్న చెప్పు నములుతోంది. ప్రార్థన ఫలించలేదని మాత్రం ఎవరూ అనలేరు.

అప్పటికి అది పళ్ళెంలోంచి అన్నం తినేస్తోంది. ఇక పాలు అక్కర్లేదు. ఆ మాటే చెప్పేసి బయటపడదామని ఒక సాయంత్రం వెళ్ళాను. మామ్మ వాకిట్లో కొత్తగా ఒక ఉయ్యాల వేలాడుతోంది. చీరతో కట్టిన ఉయ్యాల. పైన రంగు కాగితాల గుత్తి.

"ఇలా కూకోయే" అంది. కూర్చున్నాను. "మీ మామయ్య మగోడు, డ్యూటీలూ అయ్యీని. మీ యమ్మకేమో నీ తమ్ముడితోనే సరిపోతంది. ఆ పిల్లని నాకిచ్చీమను. నాను పెంచుకుంతాను. ఎంతమంది పిల్లల్నో పెంచి ఆలకీ ఈలకీ అప్పగించీసినాను. ఇదొక్కర్తె నాకాడుండిపోతాది."

ఎప్పుడూ గలగలా వాగే మనిషి ఆ మాటలు నేల చూస్తూ అంది. అడుక్కున్నట్టు అంది.

"దాన్ని ఊరు తీసుకెళ్ళిపోయారు మామ్మా. పలాస. వాళ్ళ నానమ్మ పెంచుతానంది" అన్నాను.

తెలుగులో అన్నాను. అంతవరకు ఆవిడతో నేను తెలుగులో పూర్తిగా ఒక వాక్యం మాట్లాడిన గుర్తు లేదు. హిందీలో చెప్పిన నిజం ఆవిడకు తప్పుగా వినిపించింది. తెలుగులో చెప్పిన అబద్ధం మాత్రం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేరింది.

"మంచిదేనే. సొంతోల్ల దగ్గరుంతేనే మంచిది" అంది. లేచి ఉయ్యాల విప్పింది. చీర మడతపెట్టింది. రంగు కాగితాల గుత్తి నా చేతికిచ్చి తమ్ముడికి కట్టమంది.

అక్కడితో ఆగలేదు. ఎప్పుడు కనిపించినా "పిల్ల ఎలాగుందే?" అని అడిగేది. నేను చెప్తూ పోయాను. పాకుతోంది. నడుస్తోంది. బళ్ళో వేశారు. లెక్కల్లో గట్టిదట. ఈ చెప్పడంలో నాకు కాస్త సరదా కూడా ఉండేది, దాచుకోను. నేను కబుర్లు చెప్తుంటే అసలు గ్రేసమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని చెవి గోక్కునేది. మామ్మ మొదట్లో దాని మీదికి రాయెత్తింది. అది భయపడలేదు, తిన్నగా వెళ్ళి మేక పక్కన పడుకుంది. మేక ఊరుకుంది. మామ్మ కూడా రాయి పడేసింది. పోనుపోను తన గంజిలోంచి దానికింత వంచేది. ఆవిడ ముందు నేను దాన్ని మోతీ అని పిలిచేదాన్ని. ఈ మోతీ ఎవరా అని అది చుట్టూ వెతుక్కునేది.

నా పెళ్ళి కుదిరాక వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాను. మామ్మ మంచం పట్టి ఉంది. మేక ఎప్పుడో పోయింది. గ్రేసమ్మకూ మూతి నెరిసింది, అయినా నా వెనకాలే వచ్చింది.

"పిల్ల ఇప్పుడెంతెత్తు ఎదిగిందే?" అంది.

చెయ్యి గాలిలోకి ఎత్తాను. ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఛాతీ దగ్గర ఆపాను. నేను ఎగరమంటున్నాననుకుని గ్రేసమ్మ వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళు రెండూ తెచ్చి నా అరచేతి మీద ఆనించింది. సరిగ్గా ఆ ఎత్తుకే.

"దీనికేటి మద్దిన" అని మామ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ క్షణంలో చెప్పెయ్యొచ్చు. నా చేతిలో ఉన్నవి ఆవిడ గ్రేసమ్మ కాళ్ళే. ఇక పాలు పోతాయన్న భయం లేదు, అమ్మ కొడుతుందన్న భయం లేదు. మరి ఎందుకు చెప్పలేదు? పలాసలో పెరుగుతున్న ఆ పిల్లను ఆవిడ నుంచి లాక్కోలేక అనుకుంటాను ఒక్కోసారి. అది కూడా నాకు సుఖమైన మాటే. ఆవిడ నా వైపు చూసే చూపు మారిపోతుందని చెప్పలేదు. అంతే.

నేను అత్తవారింట్లో ఉండగా మామ్మ పోయింది. ఆ మరుసటి ఏడు గ్రేసమ్మా పోయింది. ఇక అడగడానికి ఎవరూ లేరు, క్షమించడానికీ లేరు. మీరు క్షమించినా లెక్కలోకి రాదు, పాలు మీవి కావు కదా. కానీ ఆ రోజు చెప్పాల్సిన భాషలో ఆ మాట ఒక్కసారైనా పైకి అనాలి. మీరు పక్కనుండి వినండి చాలు.

మామ్మా, కుక్కపిల్లకి కాసిని పాలు కావాలి. దాని తల్లి చచ్చిపోయింది.