చివరి పేజీలో లేని జావ

కోంటా నుంచి సుక్మా వెళ్లే బస్సులో, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల చదువుతున్నాను. ఆఫ్రికాలో అంతర్యుద్ధం, అందులో విడిపోయిన తల్లీకూతుళ్ల కథ.

"ఏంది తమ్మీ, గంతగనం మునిగినవ్?" అంది పక్క సీటులోని ముత్తక్క. ఊళ్లు తగలబడిన గొడవల రోజుల్లో భద్రాచలం వైపు వలసపోయిన ఆమె, ఇన్నేళ్లకు చింతలనార్‌లో ఉన్న తల్లి దగ్గరకు వెళ్తోందట.

కథ చెప్పసాగాను. ముందు సీట్లవాళ్లూ ఇటు తిరిగారు. ఒకాయన వెనకవాళ్లకు గోండీలో చెబుతున్నాడు. ఇంతలో చింతలనార్ బండి కోసం ఆమె దిగాల్సిన దోర్నాపాల్ వచ్చింది.

"బిడ్డ తల్లిని చేరిందా, లేదా? చెప్పందే దిగ!"

"నేనింకా అంతదాకా చదవలేదక్కా."

"ఆఖర్న సూడరాదూ!"

చివరి పేజీ ముందే చూడకపోవడం నేను గర్వంగా చెప్పుకునే నియమం. అయినా బస్సంతా నావైపే చూస్తోంది. పేజీ తిప్పాను.

"చేరింది!"

అందరూ కేకలేశారు. ముత్తక్క మాత్రం మెట్టు మీద ఆగిపోయింది. "తల్లి ఏం పెట్టింది?"

"అది రాయలేదు."

"బువ్వ పెట్టకుంట కథెట్ల అయితది?"

"కోడిని కోసుంటది," అన్నాడు గోండీ ఆయన.

"యుద్ధంల కోడి యాడిది? జావ పోసింది," అని తేల్చేసి, నవ్వుతూ మూట నెత్తికెత్తుకుని దిగింది.

మా లైబ్రరీలో ఆ నవల మీద ఎప్పుడూ ఒకటే వాదన, ఏ పక్షానిది న్యాయమని. తిరిగొచ్చాక అక్కడ నేను కథను జావతో ముగించి చెబితే ఒక మిత్రుడు తప్పు పట్టుకున్నాడు.

"ఆ జావ ఏ పేజీలో ఉందండీ?"

"దోర్నాపాల్ స్టాపులో," అన్నాను.